చివరి పేజీలో ఏదో ఉంటుందని

మొన్న ఆదివారం మా అక్కను చూసి వద్దామని వెళ్తే, ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. జపం చేసుకుంటోందేమో అనుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. తీరా వింటే జపం కాదు, పాడూ కాదు. ఫోనులోంచి ఎవరో పిల్ల గొంతు తగ్గించి, ప్రేమా మిస్టరీ సస్పెన్సూ అన్నీ కలబోసిన కథండీ అని ఊరించి, పాడుబడ్డ బంగళా గేటు ముందు కారు వచ్చి ఆగిందని చెబుతోంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ గేటు ముందు ఆ కారు ఆగుతూనే ఉంది. ఒళ్ళు మండిపోయింది నాకు.

నా ఈడువాళ్ళకు ఆ సరుకు సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆరడుగుల పొడుగు, బిరుసు చూపు, నోట్లో సిగరెట్టు, వెనకాల లెక్కలేనంత ఆస్తి, ఆ ఆస్తి చూసుకోవడానికి ఏ ఒక్కరోజూ ఆఫీసుకు పోయిన పాపాన పోని హీరో. అతని దగ్గర టైపిస్టుగా చేరే బీదపిల్ల. మొదటి ప్రకరణంలో ఆ అమ్మాయిని చెడామడా తిడతాడు, మూడోదానిలో మేడమెట్ల మీద ఎవరిదో నీడ కనిపిస్తుంది, సగంలో ఎవరో ఒకరు డాబా మీదనుంచి పడి చస్తారు. చివరికి తేలేదేమిటంటే, ఆ మహానుభావుడు తిట్టిందంతా ప్రేమేనట, నోరు విప్పనిదంతా త్యాగమేనట. ఆ పిల్ల పదో పేజీలో నిలబెట్టి, ఏంటండీ మీ గొడవ అని ఒక్క ముక్క అడిగితే నవల అక్కడితో సరి. అడగదు. అడిగితే ఆత్మాభిమానం పోతుందట. ఇంత చెత్తను అంత నమ్మకంగా రాసినవాళ్ళకు ఏమీ అనిపించలేదేమో గాని, చదివిన నాకు మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చదివింది నేనే మరి. తణుకులో మాది ఉమ్మడి కుటుంబం, నాన్నా పెద్దనాన్నా కలిసి బియ్యం వ్యాపారం చేసేవారు. నేను అక్కా అని చెబుతున్నది పెద్దనాన్న కూతురినే. మగవాళ్ళు భోంచేసి కొట్టుకు వెళ్ళాక, మధ్యాహ్నం మా పెరటి వసారాలో వీధి వీధంతా చేరేది. అద్దె పుస్తకాల షాపునుంచి ఒక నవల రోజుకింతని తెచ్చి, ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్ళు బియ్యం ఏరుకుంటూ, వత్తులు చేసుకుంటూ వినేవారు. తలా ఒకరోజు చదవడమంటే మాటలా, అద్దె తడిసి మోపెడవుతుంది కదా. నా గొంతు గంటలా ఉంటుందని చదివే పని నాకు అంటగట్టారు. అంతకు ముందు అద్దెకు తీసుకున్న ప్రబుద్ధులెవరో మొదటి పేజీలోనే హంతకుడు బాబాయి అని పెన్సిలుతో రాసి పంపేవారు, అయినా మా పెద్దమ్మా వాళ్ళూ ఆ బాబాయి పట్టుబడేదాకా చేటలు పక్కన పెట్టి నోళ్ళు తెరుచుకుని వినేవారు. చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఊరంతా కమ్ముకునే ఆ చెరకు మడ్డి వాసనా, ఆ నవలల వాసనా నాకు ఒకటిగానే గుర్తుండిపోయాయి.

వినేవాళ్ళలో మా అక్క తీరే వేరు. మిగతావాళ్ళు విని, దులుపుకుని, పొయ్యి దగ్గరకు పోయేవారు. అక్క నమ్మేది.

అక్కకు సంబంధాలు చూడడం మొదలుపెట్టినప్పుడు రెండు వచ్చాయి. మొదటిది ద్రాక్షారామం నుంచి. బట్టల కొట్టువాళ్ళ అబ్బాయి. వస్తూనే నవ్వుతూ వచ్చాడు, నాన్నతో ధాన్యం ధరలు మాట్లాడాడు, కాజాలు పెడితే మొహమాటం లేకుండా “ఇంకో రెండు వెయ్యండి, బావున్నాయండి” అని అడిగి మరీ తిన్నాడు, వెళ్ళేటప్పుడు అక్క వైపు తిరిగి వెళ్ళొస్తానండీ అన్నాడు. ఇంటిల్లిపాదికీ నచ్చాడు. అక్క మాత్రం పెదవి విరిచింది.

“అతనిలో ఏముందే? అంతా పైకే కనబడిపోతోంది” అంది నాతో.

మనిషి పైకి కనబడడం ఒక లోపమని ఆ నవలలు కాకపోతే ఇంకెవరు నేర్పుతారు చెప్పండి.

రెండోది రాజమండ్రి నుంచి. ఏదో ప్రభుత్వాఫీసులో గుమాస్తా. వచ్చినంతసేపూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కాఫీ చల్లారిపోయింది. అడిగినదానికి ఆఁ, ఊఁ తప్ప మాట లేదు, అక్క వైపు ఒక్కసారి చూసి చటుక్కున తల దించుకున్నాడు. వాళ్ళు వెళ్ళాక పెద్దనాన్న అక్కను పిలిచి, “ఆ అబ్బాయి నోరే విప్పడేంటమ్మా? నాకెందుకో మనసొప్పడం లేదు. బాగా ఆలోచించుకో, నీ ఇష్టం” అన్నారు. ఆడపిల్లను అలా అడిగిన తండ్రి మా వీధిలో మరొకడు లేడు. అక్క ఆలోచించనే లేదు. అతని గుండెలో ఏదో పెద్ద గాయం ఉందట, ఎవరో మోసం చేసి ఉంటారట, ఆ గాయం మాన్పేది తనేనట. ఆ కిటికీ అవతల మా కొట్టు జట్టు కూలీలు బస్తాలు దింపుతున్నారు. ఆయన చూసింది ఆ బస్తాలనే అని నేనంటే, నీకేం తెలుసే అని కసిరింది.

పెళ్ళయింది. అక్క రాజమండ్రి వెళ్ళింది. ఆ తర్వాత రెండేళ్ళకు నేను టీచరు ట్రైనింగుకని అక్కడికే వెళ్ళి, హాస్టల్లో ఉంటూ ఆదివారాలు వాళ్ళింట్లో గడిపేదాన్ని. బావగారు మంచివారే, కూరలు తెచ్చేవారు, జీతం తెచ్చి దేవుడి గూట్లో పెట్టేవారు, మాట మాత్రం పొదుపు. శనివారం సాయంత్రాలు చెప్పకుండా ఎక్కడికో వెళ్ళి చీకటిపడే వేళకు వచ్చేవారు. ఇంకేం, అక్కకు ప్రాణం లేచొచ్చింది. ఒక శనివారం నాకు కబురుపెట్టి పిలిపించి, రిక్షా టాపు వేయించి, తలమీద కొంగు కప్పుకుని ఆయన వెనకాల బయల్దేరదీసింది. రిక్షా అతను కూడా సరదాపడి, “కంగారు పడకండి అమ్మగారూ, కనిపెట్టుకునే పోతాను” అన్నాడు.

బావగారు తిన్నగా గోదావరి గట్టుకు వెళ్ళి, వేరుశనక్కాయల పొట్లం కొనుక్కుని, రేవు మెట్ల మీద కూర్చున్నారు. ఒక్కొక్క కాయే ఒలుచుకు తింటూ, కొవ్వూరు వైపు పోయే లాంచీని చూస్తూ ఉండిపోయారు. తొక్కలు నీళ్ళలో వెయ్యకుండా బుద్ధిగా పొట్లంలోనే వేసుకుంటున్నారు. మేము రిక్షాలో నడుములు పడిపోయేలా కూర్చున్నాం.

“ఎవరూ రావడం లేదేంటే?” అంది అక్క. ఆ గొంతులో ఉన్నది ఊరట కాదు, నిరాశ.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎదురుగానే ఉన్నారు కదా, వెళ్ళి పక్కన కూర్చో, ఆయనకూ తోడుంటుంది అన్నాను. “ఛ, వెంటబడి వచ్చానని తెలిస్తే ఏమనుకుంటారు? అయినా అడిగి తెలుసుకునేదేం బావుంటుందే. సమయం వచ్చినప్పుడు ఆయనే చెప్తారు” అంది. అచ్చంగా మా వసారాలో నేను చదివిన మాటలే, ఒక్క ముక్క తేడా లేదు. ఆయన చీకటి పడుతుండగా లేచి, పంచె దులుపుకుని, ఇంటిదారి పట్టారు. ఆ వెనకాలే మేమూ.

ఆ సమయం రాలేదు. ఇద్దరు పిల్లలు పుట్టారు, పెళ్ళిళ్ళయ్యాయి, బావగారు రిటైరయ్యారు. అక్క నవలలు చదువుతూ, మధ్యమధ్య తలెత్తి ఆయన వైపు చూస్తూ, ఒక ఆయుష్షంతా కాచుకుని కూర్చుంది. ఆయనేమో ఆవిడకు చదువు మీద ధ్యాస గదా, కదిలించడమెందుకని పేపరు పట్టుకుని అరుగు మీదకు వెళ్ళిపోయేవారు. ఇద్దరిలో ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అన్నది లేదు. ఎంత అన్యోన్యమైన దంపతులండీ అని చుట్టుపక్కలవాళ్ళు మెచ్చుకునేవారు.

రెండేళ్ళ క్రితం బావగారు పోయారు. కర్మకాండలన్నీ అయి చుట్టాలు వెళ్ళిపోయాక, అక్క నా పక్కకు వచ్చి కూర్చుంది. ఏడవలేదు.

“ఆయన బీరువా అంతా సర్దానే. చొక్కాలు, పంచెలు, కళ్ళజోడు. అంతే. ఏమీ లేదు” అంది.

మళ్ళీ తనే అంది. “పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి అడిగారే. అంత ఇదిగా చదువుతావు, ఏముంటుంది ఆ పుస్తకంలో, నాకూ చెప్పవా అన్నారు. చెప్పేస్తే సస్పెన్స్ పోతుందండీ, కావాలంటే మీరే చదువుకోండి అన్నాను. నవ్వి ఊరుకున్నారు. మళ్ళీ అడగలేదు.”

ఆ నవలల మీద నాకున్న కోపం అప్పుడు కోపంలా కూడా లేదు. ఉత్త అసహ్యమైపోయింది. ఎంత అలవోకగా రాసి పారేశారో, ఎవరి కొంపకు ఏం చేసిపెట్టారో వాళ్ళకు తెలుసా?

ఇప్పుడు ఆ అద్దె పుస్తకాల షాపు ఉన్నచోట ఫోను కవర్లు అమ్ముతున్నారు. మధ్యాహ్నం పూట ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి చెవిలో వాళ్ళకు కథ. నా గంటలాంటి గొంతుతో ఎవరికీ పనిలేదు, ఒకరి కథ పక్కవాళ్ళకు వినపడదు, మధ్యలో ఛీ ఛీ ఇదేం కథే అని తిట్టుకోవడానికైనా పక్కన మనిషి ఉండడం లేదు. చెత్తే అయినా నలుగురం కూర్చుని విన్న చెత్త అది. అక్క కూడా మారింది. ఏం కథే అని అడిగితే చాలు, మొదటినుంచి చివరిదాకా, ఎవరు ఎవరిని ఎందుకు చంపారో అంతా పూసగుచ్చినట్టు చెప్పేస్తుంది, ఒక్క ముక్క దాచుకోదు. అడిగేవాళ్ళే లేరు.