కర్పూరం చెంగమ్మ

ఆమె పేరు చెంగమ్మ. గుడియాత్తం చుట్టుపక్కల జనం మాత్రం కర్పూరం చెంగమ్మ అనేవారు. ఆడవాళ్ళ ఫిర్యాదులు చూసే ఒక పోలీసుస్టేషన్లో హెడ్ కానిస్టేబులు. ఏ స్టేషనని అడక్కండి, చెప్పను. తాపీ పని చేసుకునే తెలుగువాళ్ళ ఇంట పుట్టింది, తమిళంలో చదువుకుంది, రెండు భాషల్లోనూ కడిగి పారేయగలదు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె బల్ల సొరుగులో ఒక కర్పూరం పొట్లం, ఒక ఇత్తడి పళ్ళెం ఉండేవి. ఇద్దరు వచ్చి రెండు మాటలు చెబితే చాలు, గంగమ్మ పటం ముందు పళ్ళెంలో కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి సత్యం చెయ్యమనేది. ఆ వైపు అది పాత ఆనవాయితీ. నిజం చెప్పేవాడి చెయ్యి తటాలున దిగుతుంది, అబద్ధం చెప్పేవాడి చెయ్యి వెనక్కి పోతుంది. అదీ లెక్క. మొగుళ్ళు, అత్తలు, నగలు కాజేసిన తోడికోడళ్ళు ఎందరో ఆ పళ్ళెం ముందు నీళ్ళు నమిలారు. ఇంకేం, చెంగమ్మ కళ్ళు నెత్తికెక్కాయి. తనకన్నా తెలిసినవాళ్ళు జిల్లాలో లేరనుకుంది.

1998లో వేలూరు నుంచి ఆర్డరు వచ్చింది. పిల్లల్ని హింసించే కేసులు ఎలా విచారించాలో మూడు రోజుల శిక్షణ, వేలూరు పక్కనే తొరపాడిలో ఒక అద్దె హాల్లో. చెంగమ్మకు ఒళ్ళు మండింది.

"ఇరవై ఏండ్ల సర్వీసు నాది. బిడ్డల్తో యెట్ల మాట్లాడల్నో నాకు నేర్పిస్తారంట!" అని బస్సు దిగేదాకా గొణుగుతూనే ఉంది.

నేర్పించేది మేరి. ఆసుపత్రిలో పిల్లల వార్డులో పదిహేనేళ్ళు నర్సుగా చేసి ఈ పనిలోకి వచ్చిన మనిషి. ఆమెవాళ్ళూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఆ సంగతి తెలిసి కూడా చెంగమ్మ ఆమె మొహం సరిగ్గా చూడలేదు. బిడ్డ ఎత్తుకు దిగి కూర్చుని మాట్లాడాలని మేరి చెబితే, మోకాళ్ళ నొప్పులండీ అని అడ్డం తగిలింది. కొట్టినవాడి ఎదుట బిడ్డను అడగకూడదంటే, "ఎదురెదురుగా నిలబెట్టకపోతే నిజమెట్లొస్తాది?" అంది. హాల్లో ఉన్న పోలీసులు, బడిపంతుళ్ళు పకపకా నవ్వారు. మేరి నవ్వలేదు.

రెండో రోజు ఒక్కొక్కరినీ తాము చూసిన కేసొకటి చెప్పమంది మేరి. చెంగమ్మ అందరికన్నా ముందు లేచింది. ఈ వేలూరమ్మకు పని అంటే ఏమిటో చూపిద్దామని.

"మూణ్ణెల్ల కింద సుగంతి అని తొమ్మిదేండ్ల పిల్ల వచ్చింది. అమ్మా నాయనా లేరు, మేనమామ ఎల్లప్ప మేస్త్రి దగ్గిర ఉండాది. మామ వాతలు పెడ్తా ఉండాడని పక్కింటామె తోడుకోనొచ్చింది. ఎల్లప్పన్న నాకు తెలిసినోడే, మా ఇల్లు కట్టింది ఆయనే. పిలిపిస్తే వచ్చినాడు, గబుక్కన కర్పూరం ఆర్పినాడు. పిల్లను ఆర్పమంటే చెయ్యి ఎనక్కి లాక్కునింది. మూడు తూర్లు చెప్పినా, పిడికిలే తెరవలా. సరి, అబద్ధమని తేలిపోయింది. నాలుగు తిట్టి మామెంట పంపించేసినా. అయిదు నిమిషాల్లో తీరిపోయింది."

చెంగమ్మ చప్పట్ల కోసం చుట్టూ చూసింది. మేరి దగ్గరికి వచ్చింది.

"ఆ పిడికిలి తెరిచి చూసినావా అక్కా?"

"ఎందుకు చూడల్ల?"

"వాతలు పెడ్తాడని చెప్పిన బిడ్డకు నిప్పు చూపించినావే. చెయ్యి ఎనక్కి తియ్యక ఏం చేస్తాది? ఆ మేస్త్రి చెయ్యి ముప్పై ఏండ్లు సిమెంటు తిన్న చెయ్యి. దానికి కర్పూరం వేడి తెలస్తాదా?"

చెంగమ్మ మొహం కందగడ్డయింది. "ఇంతమందిలో నిలబెట్టి నన్ను అడగతావా?" అని అరిచింది.

"ఆ బిడ్డను నువ్వట్ల అడగలేదా?" అంది మేరి.

హాల్లో ఒక్కరూ నవ్వలేదు. చెంగమ్మ సంచీ తీసుకుని, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ బయటపడి గుడియాత్తం బస్సెక్కింది. దారి పొడుగునా మేరినే తిట్టాలనుకుంది. కానీ వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. ఆయనా మేస్త్రీయే. పొయ్యిలోంచి కణకణలాడే నిప్పుకణికను వేళ్ళతో తీసి బీడీ ముట్టించుకునేవాడు, చిన్న చెంగమ్మ కెవ్వుమంటే నవ్వేవాడు. అంటే ఆ సంగతి ఆమెకు అయిదేళ్ళ వయసు నుంచీ తెలుసు. తెలిసి కూడా ఎల్లప్ప చేతిని నమ్మింది. మూణ్ణెల్ల పాటు ఆ పిల్లను ఆ ఇంట్లో వదిలేసింది తనే.

ఇంటికి పోలేదు. ఎల్లప్ప పని ఎక్కడో కనుక్కుని, మోర్ధానా దారిలో కడుతున్న కొత్త ఇంటి దగ్గర దిగింది. బడిలో ఉండాల్సిన వేళ సుగంతి అక్కడ ఇసుక జల్లిస్తోంది, ఎడమచేత్తోనే. ఖాకీ బట్టలు చూడగానే జల్లెడ వదిలేసి, కుడిచెయ్యి వీపు వెనక్కి పెట్టుకుంది. చెంగమ్మ మోకాళ్ళు కలుక్కుమంటున్నా ఆ ఇసుకలో కూలబడింది. ఇంకా ఏమీ అడగలేదు.

"నేను అబద్ధమే చెప్పినామ్మా," అంది పిల్ల. "మామ ఏమీ చెయ్యలా. కర్పూరం మాత్రం వద్దుమ్మా."

పరంజా మీద నుంచి ఎల్లప్ప తొంగి చూశాడు. "ఏం చెల్లెమ్మా, ఇంత దూరం వచ్చినావు? మళ్ళా కర్పూరం తెచ్చినావా? తే, ఆర్పతా!" అని అరచెయ్యి చాచి నవ్వాడు. చెంగమ్మకు వాడిని అక్కణ్ణుంచి ఈడ్చి పడేయాలనిపించింది. పడేయలేదు. స్టేషను జీపు తెప్పించి, ఫిర్యాదు తెచ్చిన పక్కింటామెను తోడు పిలిపించి, పిల్లను వేలూరికి తీసుకుపోయింది. ఆసుపత్రిలో ఆ పిడికిలిని మేరి తెరిపించింది, అదీ మూడు రోజులు ఊరికే పక్కన కూర్చున్నాక. అరచేతిలో ఎనిమిది మచ్చలు. అయిదు పాతవి. మూడు మాత్రం ఇంకా మానలేదు, అవి స్టేషనుకు వచ్చి వెళ్ళాక పెట్టినవని డాక్టరు చెప్పింది.

చెంగమ్మ ఎల్లప్ప మీద కేసు కట్టింది. మూణ్ణెల్ల కిందటే బిడ్డ వచ్చి నిజం చెప్పిందనీ, తనే నమ్మక తిప్పి పంపిందనీ రిపోర్టులో రాసింది. ఆ వాక్యం కొట్టెయ్యమన్నాడు ఇన్‌స్పెక్టరు. "నీ కొంపకు నువ్వే నిప్పెట్టుకుంటా ఉండావు" అని తిట్టాడు. ఆమె కొట్టెయ్యలేదు. రావలసిన ప్రమోషను రాలేదు, తోటివాళ్ళు పిచ్చిదన్నారు. అనుకోనీ. ఎల్లప్ప జైలుకు పోయాడు.

సుగంతి వేలూరులో హాస్టల్లో ఉండి బడికి పోతోంది. ఆదివారాలు చెంగమ్మ బిస్కెట్లు పట్టుకుని వెళ్ళి, గేటు పక్కన నేల మీదే కూర్చుంటుంది. పిల్ల వార్డెనుతో మాట్లాడుతుంది, మేరితో అయితే వాగుతూనే ఉంటుంది. చెంగమ్మ కనబడితే మాత్రం మాటాగిపోతుంది. బిస్కెట్ పొట్లం ఎడమచేత్తో అందుకుంటుంది. కుడిచెయ్యి వీపు వెనక్కి పోతుంది.