ఆయమ్మ అంటే ఎవరు?

ప్రసూతి వార్డులో "ఆయమ్మా" అన్న పిలుపుకి అర్థం పిలిచే మనిషిని బట్టి మారుతుంది. నొప్పులు పడే పిల్ల పిలిస్తే చెయ్యి పట్టుకోమని, నర్సు పిలిస్తే నేల తుడవమని, డాక్టరు పిలిచాడంటే తప్పెవరిదో తేలిపోయిందని. ముప్పై ఒక్క ఏళ్లుగా చీర చెంగు బొడ్లో దోపుకుని ఒక ఆయా ఆ పిలుపులన్నిటికీ పలుకుతూ వచ్చింది. ఆయాలు ముగ్గురున్నా డ్యూటీ పుస్తకంలో ముగ్గురినీ 'ఆయమ్మ' అనే రాస్తారు. పేర్లు రాసే తీరిక దొరలకెక్కడిది? మొన్న ఉదయం ఒక బాలింత మంచం మీంచి జారిపడింది. సంజాయిషీ ఇమ్మన్న కాగితం మాత్రం ఆ పూట సెలవులో ఉన్న ఈమె చేతికొచ్చింది.

"వేలిముద్ర వేసెయ్, గొడవ వదిలిపోతుంది. ఆయమ్మవి నువ్వేగా," అంది పెద్ద నర్సు.

"వేలిముద్రెందుకు మేడమ్, ఐదో తరగతి ఫస్టున ప్యాసయ్యాను. రెండు వేలమంది పసివాళ్లని ఈ చేతుల్తో అందుకున్నాను, ఒక్కర్నీ జారనివ్వలేదు. మొన్న నేను మా చెల్లెలింట్లో ఉన్నాను. పుస్తకం తియ్యండి. ఎవరు ఏ పూట ఉన్నారో పేరుపెట్టి రాయండి. ముందు నాది రాసి, పక్కన సెలవని పెట్టండి."

పెద్ద నర్సు పుస్తకం తెరిచి, కలం మూత తీసి, మొన్నటి తేదీ ఉన్న పేజీ తిప్పింది. ఇద్దరూ కలిసి పనిచేయబట్టి తొమ్మిదేళ్లు.

"నీ పేరేంటి?" అని అడిగింది.