టీకాల డబ్బాలో వచ్చిన రక్తం

అరకు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. నోటిదురుసు మనిషినని పేరు. కొండ మీది ఊళ్ళ నుంచి రక్తం శాంపిల్ వెచ్చబడి వచ్చిందా, తెచ్చినవాళ్ళ పని అయిపోయినట్టే.

"ఏటమ్మా, ఎండలో ఆరబెట్టి తెత్తన్నారేటి?" అని దులిపేసేవాణ్ణి.

ఒక సంత రోజున కొండ మీది ఊళ్ళో టీకాలేసే నర్సమ్మ తన తండ్రి రక్తం తెచ్చింది. ఆయన కాఫీ తోట చూసుకుంటాడు. పాత కామెర్ల వైరస్ ఒంట్లో ఉండిపోయింది, ఈమధ్య చిక్కిపోతున్నాడు. లివర్ క్యాన్సరేమోనని డాక్టరుగారి అనుమానం. కాలేయం దెబ్బతింటే దానిలోని ఎంజైములు రక్తంలో పెరుగుతాయి. అవి ఎక్కువుంటే విశాఖ పంపి, సూదితో కాలేయం ముక్క తీయించాలన్నారు.

మూడు ఎంజైములు పరీక్షిస్తే రెండు ఆకాశాన్నంటాయి. జనం తొక్కిడిలో మరో ఆలోచన లేకుండా రిపోర్టు కాగితం ఆమె చేతిలో పెట్టేశాను. చదువుకున్న పిల్ల, చూడగానే బెంచీ మీద కూలబడిపోయింది.

"మా అయ్య బతుకుతాడా సార్?"

 తప్పించుకుని లోపలికి పోయి, ఆమె తెచ్చిన రక్తం గొట్టం వెలుగులో పెట్టి చూశాను. పైన తేరిన సీరం లేత పసుపుగా ఉండాలి. దానిమ్మ రసంలా ఎర్రగా ఉంది. రక్తకణాలు పగిలాయి. పెరిగిన ఆ రెండు ఎంజైములూ రక్తకణాల్లోనూ ఉంటాయి. వాటిలో లేని మూడోది మాత్రం మామూలుగానే ఉంది. అంటే ఆ పెరిగింది కాలేయం వల్ల కాకపోవచ్చు.

"దేన్లో తెచ్చావమ్మా?"

"టీకాల డబ్బాలో సార్. టీకాలకైతే ఐసు కాస్త కరిగి సెమర్చేదాకా ఆగుతాను. మీరు తిడతారని ఆగనేదు. మా అయ్య రగతం గదా, ఇంకో రెండు ఐసు ప్యాకులు ఎక్కువెట్టినాను."

గొట్టం ఐసుకి ఆనుకుని రక్తం మంచులా బిగుసుకుంది, అందుకే కణాలు పగిలాయి. తప్పు ఆమెది కాదు, నా నోటిది. సిగ్గేసింది.

మర్నాడు వాళ్ళ అయ్యనే రప్పించి రక్తం తీశాను. మూడూ మామూలే. అయినా డాక్టరుగారు విశాఖలో స్కానింగు చేయించారు. గడ్డ లేదు, ముక్క తీసే పని లేదు, ఆర్నెల్లకోసారి చూపించుకుంటే చాలన్నారు. చిక్కిపోవడం పళ్ళూడి తిండి తగ్గినందుకట. ఫోనులో ఆమె ఆ మాట చెబుతుంటే నాకు ఏడుపొచ్చేసింది.

తరవాతి సంతకి ఆయన ల్యాబుకి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, కూతురి తరపున, "మా గుంట మీరంటే బయపడతాది బాబూ, తిట్టకండి" అన్నాడు.

తిట్టనన్నాను. ఆయన నమ్మినట్టు లేదు.