కోడికి అదనపు సమయం

ఆర్డిత్ లుండ్‌క్విస్ట్ మనుషులతో మాట్లాడదు. జంతువులతోనే మాట్లాడుతుంది. ఇంటి పెరట్లో మాట్లాడుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. ఆవిడ మాట్లాడేది కాలేజీ ఆఫీసులో, జీతం తీసుకుంటూ! మిన్నెసోటా మంచులో కూరుకుపోయిన ఆ చిన్న కాలేజీలో వైకల్యమో, దిగులో, మరో ఇబ్బందో ఉన్న పిల్లలకి సౌకర్యాలు మంజూరు చేసే అధికారి ఆవిడే. పరీక్షలో కాస్త ఎక్కువ సమయం కావాలన్నా, హాస్టల్ గదిలో తోడుకి పిల్లినో కుక్కనో ఉంచుకోవాలన్నా ఆవిడ సంతకం పడాలి. సంతకం కోసం వెళ్తే పిల్లాణ్ణి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, జంతువుని మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళజోడు సర్దుకుని దాన్ని ఇంటర్వ్యూ చేస్తుంది.

"ఏం నాయనా, చలిలో వచ్చావు, కాఫీ తాగుతావా? వద్దా? సరే, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

ఈ మర్యాదంతా ఒక చిట్టెలుకకి. జంతువు లేకుండా వెళ్ళిన వాళ్ళకీ మినహాయింపు లేదు. కిటికీలో ఉన్న జెరేనియం మొక్కని కుండీతో సహా వాళ్ళ ఒళ్ళో పెట్టి, మొక్కని ప్రశ్నలడుగుతుంది.

ఈ కబుర్లన్నీ ఆన్సెల్ టోర్విక్‌కి చెప్పింది వాడి రూమ్మేట్ బ్రాక్. బ్రాక్ అనుభవం మీద చెప్పాడు. వాళ్ళ నాన్న సరస్సుల ఒడ్డున బంగళాలు అమ్ముతాడు. హాస్టల్లో కొండచిలువని పెంచుకుంటే గొప్పగా ఉంటుందని కొడుక్కి తోచింది. రోగులకి సాయం చేసే కుక్కలకి తొడుగుతారే, 'నేను సేవలో ఉన్నాను, తాకకండి' అని రాసిన చొక్కా, అలాంటిది పాము కోసం ఇంటర్నెట్లో కొన్నాడు. చేతుల్లేని ప్రాణికి చొక్కా ఎందుకని ఆ అమ్మినవాడూ అడగలేదు, కొన్నవాడూ అనుకోలేదు.

"ఈ అబ్బాయికి నువ్వు చేసే సేవ ఏమిటి నాయనా?" అని ఆర్డిత్ పాముని అడిగిందట.

"నాకు ప్రశాంతత ఇస్తుందండీ," అన్నాడు బ్రాక్.

"నిన్నడగలేదు బాబూ."

పాము నిద్రపోతోంది. ఆవిడ స్వెటర్ అల్లుకుంటూ అది లేచేదాకా ఎదురుచూసింది. మళ్ళీ అడిగింది. అది మళ్ళీ పడుకుంది.

"పాము ప్రశాంతంగా ఉంది. నువ్వూ ప్రశాంతంగానే ఉన్నావు. మీ ఇద్దరికీ ఏ లోటూ లేదు, ఇంటికి తీసుకుపో," అని తేల్చేసింది. బంగళాల తండ్రి లాయర్లని దింపుతానని ఫోన్లో ఎగిరిపడితే, "మీతో కాదండీ, పాముకివ్వండి ఫోను," అందట.

ఒక తత్వశాస్త్రం విద్యార్థి చిలక మాత్రం ఆవిడ ముఖం మీదే రాయరాని బూతు తిట్టింది. ఆర్డిత్ మురిసిపోయి అప్పటికప్పుడు సంతకం పెట్టేసింది. "ఇన్నేళ్ళ ఉద్యోగంలో అడగ్గానే మనసులో మాట చెప్పింది ఇదొక్కటే," అంది.

ఆన్సెల్ పడీ పడీ నవ్వాడు. తన వంతు వస్తుందని అప్పటికి వాడికి తెలీదు పాపం.

ఆవిడ చాదస్తం మీద అందరికంటే ఎక్కువ ఒళ్ళు మండినవాడు డీన్ గారెత్ విన్‌స్లేడ్. ఆయన కాలిఫోర్నియా నుంచి కొత్తగా వచ్చాడు. పదవి పేరు 'విద్యార్థి విజయాల డీన్'. అపజయాలకి వేరే డీన్ లేడు కాబట్టి వాటిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. వచ్చిన రోజునే ఆయన ఊరందరి నోళ్ళలోనూ పడ్డాడు. ఆర్డిత్ ఇంట్లో చేసి తెచ్చిన చాక్లెట్ తీపి ముక్కల డబ్బా చాపి "తీసుకోండి" అంటే, మొదటిసారికే తీసేసుకున్నాడు! పైగా డబ్బాలో మిగిలిన ఆఖరి ముక్క!

మిన్నెసోటా వైపు అలా ఎవరూ చెయ్యరు. మొదటిసారి వద్దనాలి. రెండోసారి "అబ్బే, ఇప్పుడే తిన్నానండీ" అనాలి. మూడోసారి కూడా అడిగితే, "మీరింతగా అంటున్నారు కాబట్టి" అని చిన్న ముక్క తుంచుకోవాలి. ఆఖరి ముక్కని మాత్రం సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసి, ఎండిపోయేదాకా వదిలెయ్యాలి. మంటల్లో ఉన్నవాణ్ణి నీళ్ళు కావాలా అని అడిగినా రెండుసార్లు "పర్లేదండీ" అంటాడు. మన మొహమాటం వాళ్ళ మొహమాటం ముందు ఎందుకూ పనికిరాదు.

ఇదేమీ తెలియని డీన్ ఒక వెబ్‌సైటు తయారు చేయించాడు. అందులో ఒకటే ప్రశ్న: 'మీకు సాయం అవసరమా? అవును, కాదు.' కాలేజీ మొత్తం 'కాదు' నొక్కింది. చక్రాల కుర్చీలో తిరిగే పిల్లాడు కూడా 'కాదు' నొక్కాడు. ఆన్సెల్‌కి ఆ ప్రశ్న చదవడానికే చాలాసేపు పట్టింది. అక్షరాలు కూడబలుక్కుని, అర్థం చేసుకుని, చెమట తుడుచుకుని, వాడూ 'కాదు' నొక్కాడు.

డీన్ పొంగిపోయాడు. "చూశారా ఆర్డిత్? మన కాలేజీలో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు! ఇంక వసంతకాలం నుంచి ఈ ఆఫీసెందుకు?"

"అదో రకంగా ఉందండీ," అంది ఆర్డిత్.

అక్కడి వాళ్ళు నోరారా తిట్టే తిట్టు అదే. డీన్ అది మెచ్చుకోలు అనుకుని థాంక్స్ చెప్పి వెళ్ళాడు.

ఇంక ఆన్సెల్ గొడవ. వాడు పక్కనే ఉన్న డకోటాలో టర్కీ కోళ్ళ షెడ్ల మధ్య పెరిగాడు. పాఠం వింటే చాలు, ఒక్క ముక్క మర్చిపోడు. కాగితం మీద చూస్తే మాత్రం అక్షరాలు కుదురుగా నిలబడవు. కెమిస్ట్రీ మిడ్‌టర్మ్ పరీక్ష తప్పాడు. ఈ ఆఖరి పరీక్ష కూడా తప్పితే స్కాలర్‌షిప్ పోతుంది, షెడ్లలోకి తిరిగి పోవడమే. "మన ఒంటికి చదువు పడదురా, మీ తాతకీ పడలేదు, నాకూ పడలేదు," అని తండ్రి ముందే చెప్పి పంపాడు. ఎవరికైనా చెప్పుకోవాలంటే ఆన్సెల్‌కి చచ్చేంత సిగ్గు.

అందుకని ఇంటికెళ్ళినప్పుడు సోల్వెగ్‌ని తెచ్చుకున్నాడు. సోల్వెగ్ ఒక గోధుమరంగు కోడిపెట్ట. దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే వాడి గుండెదడ తగ్గేది. మాసిన బట్టల బుట్టలో దాచి, కెమిస్ట్రీ పుస్తకం కూడబలుక్కుంటూ దానికి చదివి వినిపించేవాడు. అది తల పక్కకి వంచి శ్రద్ధగా వినేది. ప్రొఫెసర్‌కి కూడా అంత మంచి శ్రోత దొరికి ఉండడు. అలా ఎన్నాళ్ళైనా సాగేదే గానీ, ఒకరోజు అది గుడ్డు పెట్టి ఆ సంబరం అంతస్తంతా వినపడేలా చాటుకుంది.

"లుండ్‌క్విస్ట్ గారి సంతకం తెస్తావా, శుక్రవారం సూప్ చెయ్యమంటావా?" అన్నాడు వార్డెన్.

ఆన్సెల్ కోడిని కోటు లోపల పెట్టుకుని వెళ్ళేసరికి ఆఫీసులో డీన్ కూడా ఉన్నాడు. ఇంటర్వ్యూల వింత కళ్ళారా చూసి, ఆఫీసుకి తాళం వేయించే ముందు నాలుగు ముక్కలు రాసుకుందామని వచ్చాడు.

"ఆగండి ఆర్డిత్, ముందు నేను అడుగుతాను. బాబూ, నీకేమైనా ఇబ్బంది ఉందా?"

"లేదు సార్. బాగానే ఉన్నాను."

"చదువు?"

"పర్లేదు సార్."

"చూశారా!" అని డీన్ చప్పట్లు కొట్టాడు. "నిమిషంలో తేలిపోయింది. కోడిని పంపించెయ్యండి."

కోడి పోతే ఆన్సెల్ కూడా పోయినట్టే. అయినా వాడి నోటికి 'పర్లేదు' తప్ప ఇంకో మాట రాలేదు. ఆర్డిత్ డీన్ వైపు చూడనైనా చూడలేదు. కోడిని మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పింది.

"అమ్మా సోల్వెగ్, చదువెలా సాగుతోంది తల్లీ?"

కోడి ఏమీ అనలేదు. స్టూలు మీంచి ఆన్సెల్ అన్నాడు: "బాగానే సాగుతోందండీ దానికి."

"నిజంగానా సోల్వెగ్?"

"ఏదో... పర్లేదండీ దానికి."

"కోడి చదవడం ఏమిటి!" అన్నాడు డీన్.

"మీరు కాఫీ తాగండి," అంది ఆర్డిత్. మళ్ళీ కోడి వైపు వంగింది. తొందరేమీ లేదు ఆవిడకి. "అది కాదు తల్లీ, నాకు చెప్పు. ఎక్కడ కష్టంగా ఉంది?"

ఇది మూడోసారి. ఆన్సెల్ బూట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత వాడి గొంతు వాడికే వింతగా వినపడింది.

"దానికి... వింటే అన్నీ వస్తాయండీ. కాగితం మీద చూస్తే అక్షరాలు నిలబడవు. గింజలు చల్లితే మిగతా కోళ్ళు టకటకా ఏరుకుంటాయి, ఇది ఒక్కో గింజ దగ్గరా ఆగిపోతుంది. ఇది రెండో లెక్కకి వచ్చేసరికి అందరూ పేపర్లు ఇచ్చేసి వెళ్ళిపోతారు. అప్పుడు దీనికి ఊపిరాడదు."

"ఎప్పట్నుంచి తల్లీ?"

"చిన్నప్పట్నుంచీనండీ."

"ఎవరికైనా చెప్పావా?"

"వాళ్ళ నాన్న ఊరుకోడండీ. బిచ్చమెత్తుకోవడం అంటాడు."

ఆర్డిత్ కోడి వీపు నిమిరింది. "తెలివైన కోడివి. రేపు డాక్టరమ్మ చేత పరీక్ష చేయిస్తాను, నొప్పి ఉండదు. కెమిస్ట్రీకి విడిగా గది, సగం సమయం అదనం, పేపరు పైకి చదివే మనిషి. కోడితో పాటు ఒక మనిషిని కూడా గదిలోకి రానిస్తాం."

ఆన్సెల్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వాడి జన్మలో ఎవరూ వాణ్ణి మూడోసారి అడగలేదు. ఇన్నాళ్ళూ కాలేజీ అంతా పిచ్చిది అని నవ్విన ఈ మనిషి, నోరు విప్పలేని వాళ్ళకి ఇలా ఒక నోరు అప్పిస్తోందన్నమాట!

"దాన్ని హాస్టల్లోనే ఉండనివ్వండి," అంటూ ఆర్డిత్ సంతకం పెట్టి, డబ్బా చాపింది. "తీసుకో బాబూ."

"వద్దండీ."

డీన్ చెయ్యి చాపబోయి ఎందుకో ఆగాడు. ఆర్డిత్ మళ్ళీ అడిగింది. ఆన్సెల్ మళ్ళీ వద్దన్నాడు. మూడోసారి తీసుకున్నాడు. డీన్ అటూ ఇటూ చూసి, రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పరీక్ష రోజు విడి గదిలో పేపరు చదవడానికి ఒక రిటైరైన టీచరమ్మ వచ్చింది. మెత్తటి కుర్చీలో కోడి, పక్క కుర్చీలో ఆన్సెల్. టీచరమ్మ అయోమయంగా చూసింది.

"ఎవరికి చదవాలి?"

"దానికేనండీ," అన్నాడు ఆన్సెల్.

"కోడికా?"

"నాకేం... పర్లేదండీ నాకు."

టీచరమ్మా ఆ ఊరిదే. పేపరు బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తీసి, ఓపిగ్గా మళ్ళీ అడిగింది. "ఎవరికి బాబూ?"

ఆన్సెల్ కుర్చీ బల్ల దగ్గరకి లాక్కున్నాడు.

"నాకేనండీ. నాకు చదవండి."

పక్క గదిలో స్వెటర్ అల్లే సూదుల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. ఆన్సెల్ అన్ని ప్రశ్నలకీ జవాబులు రాశాడు, పాసయ్యాడు, షెడ్లకి వెళ్ళలేదు. తండ్రికి ఫోన్ చేసి అంతా చెప్పాడు, కోడి పేరు అడ్డం పెట్టకుండానే. అంతా విని తండ్రి, "కోడి బాగుందా?" అన్నాడు. ఆయనకి వచ్చిన 'శభాష్' అదే.

వసంతకాలం వచ్చింది. ఆఫీసు మూసేస్తారన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, ఎందుకని అడిగినవాళ్ళూ లేరు. ఒక మధ్యాహ్నం సోల్వెగ్ గుడ్లు ఇద్దామని వెళ్ళిన ఆన్సెల్, తలుపు ఓరగా ఉండటం చూసి ఆగిపోయాడు. స్టూలు మీద డీన్ విన్‌స్లేడ్ కూర్చున్నాడు. మెత్తటి కుర్చీలో గాజు గిన్నె, అందులో ఒక ఎర్ర చేప. గిన్నెకి కొట్టువాడి ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది.

"ఏం నాయనా, మా ఊరు ఎలా ఉంది నీకు?" అని ఆర్డిత్ చేపని అడుగుతోంది.

"బాగానే ఉందండీ దానికి," అన్నాడు డీన్.

"నిజంగానా?"

"పర్లేదండీ... చలి కాస్త ఎక్కువ. అంతే."

ఆర్డిత్ తీపి డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టింది. అందులో ఒక్క ముక్కే ఉంది.

"తీసుకోండి."

డీన్ ఆ ముక్క వైపు చూశాడు, గుటక వేశాడు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వద్దండీ," అన్నాడు.

ఆర్డిత్ ముఖం విప్పారింది. ఆన్సెల్ గుడ్లు గుమ్మం దగ్గర పెట్టి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకి వేసి వెళ్ళిపోయాడు. లోపల ఆవిడ రెండోసారి అడుగుతోంది.