మా మామ చావుకు మునసబు సంతకం

మా మామ తన చావుకు సర్కారు ఏమిస్తుందో కనుక్కోవడానికి నన్ను వెంటబెట్టుకొని జమ్మలమడుగు బస్సెక్కాడు. అప్పటికి మనిషి దిట్టంగా ఉన్నాడు. ఆ పొద్దున రెండు సంగటి ముద్దలు పుంటికూరతో లాగించి, నడి ఎండాకాలంలో మిలిటరీవాళ్ళిచ్చిన ఉన్నికోటు తొడుక్కొని బయల్దేరాడు. పక్కన కూర్చున్నవాడు "ఏమప్పా, సలిజరమా?" అని అడిగితే, "కాదు, ఆఫీసు పని" అన్నాడు.

మా అత్తవారి ఊరు ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఉండేది. నేను పులివెందుల పిల్లను. పులివెందుల వాళ్ళకు నోరెక్కువని ఆ ఊళ్ళో అనేవాళ్ళు, నేను దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను. మా ఆయన ప్రొద్దుటూరులో బట్టలంగడి గుమాస్తా, తెల్లారి పోతే పొద్దుగూకి వచ్చేవాడు. అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. కాబట్టి పగలంతా ఇంట్లో రాయనూ చదవనూ వచ్చిన మనిషినీ, మామ అరుపులకు అందుబాటులో ఉండే మనిషినీ నేనొక్కదాన్నే. మామ మొదటి జర్మనీ యుద్ధంలో బస్రా ఎడారిలో కంచరగాడిదలను తోలి వచ్చాడు. యుద్ధం ఎప్పుడో ముగిసిపోయినా ఆ గొంతు మాత్రం ముగియలేదు. ఆయన మంచినీళ్ళడిగితే ముందు పక్కింటివాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు.

ఆయనకు చావంటే భయం లేదు, దినాలంటే భయం. తన తండ్రి పోయినప్పుడు పెద్దదినానికి ఊరందరికీ అన్నం పెట్టి, అందుకోసం బావి కింద చేను అమ్ముకున్నాడట. ఊరంతా కడుపునిండా తిని, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పి పోయిందట. ఇక మిగిలింది ఒక మెట్టచేను. "నా దినాలకు ఇది గూడ పోగూడదు పాపా. నా కొడుకు చేతిలో మట్టి లేకుండా పోగూడదు" అని రోజూ నాతో అనేవాడు. ప్రొద్దుటూరులో పరుపులు కుట్టే సాయిబొకాయన ఉండేవాడు, మామతో పాటే యుద్ధానికి పోయొచ్చినవాడు. పాత సిపాయిలు చనిపోతే మట్టి ఖర్చులకు సర్కారు సాయం చేస్తుందని ఆయన చెప్పాడు. ఆ సాయంత్రం మామ గడపలోంచే, "పాపా, నేను సస్తే సర్కారు దుడ్లిస్తాదంట!" అని పెళ్ళి కబురు చెప్పినట్టు కేక పెట్టాడు.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. సిపాయిల వ్యవహారాలు చూసే గుమాస్తా వారానికొకసారి జమ్మలమడుగు వచ్చి ఒక గదిలో కూర్చునేవాడు. గుంటూరు వైపు మనిషి, మెత్తటి మాట.

"ఎవరండీ పోయింది?" అని జాలిగా అడిగాడు.

"నేనే" అన్నాడు మామ.

గుమాస్తా నావైపు చూశాడు. నేను తలూపాను, ఇంకేం చెయ్యను?

"తమరు ఉన్నారు కదండీ."

"ఇప్పుడుండా. పోయినంక ఎట్ల వచ్చేది? అందుకే ముందే వచ్చినా."

"అది తమరు పోయాక మీ అబ్బాయి దరఖాస్తు పెట్టుకుంటాడండీ."

"అప్పుడు మీరిచ్చినారో లేదో నాకెట్ల తెలుస్తాది? ఎద్దును కొనేముందు మడక కట్టి సూస్తాం. అట్లే ఒకసారి సగమియ్యండి, సూస్తా. మిగతాది సచ్చినంక."

ఆ గుమాస్తా నిజంగా మంచివాడు, నవ్వలేదు. సిపాయి పోయిన మూడు నెలల్లోగా దరఖాస్తు అందాలనీ, చనిపోయినట్టూ మట్టి చేసినట్టూ గ్రామ మునసబు రాసి సంతకం పెట్టి ముద్ర వెయ్యాలనీ ఓపిగ్గా చెప్పాడు. మునసబు మాట వినేసరికి మామ ముఖం మాడిపోయింది.

"వానిది గాక ఇంగెవరి సంతకమూ పనికి రాదా? కరణంది?"

"రాదండీ."

"పోనీ నేనే ఇప్పుడు పెట్టి పోతా. తారీకు మీరు రాసుకోండి."

గుమాస్తా చెమట తుడుచుకున్నాడు. కాగితాలు మద్రాసు నుంచి కర్నూలుకు వస్తున్నాయి, ఇంకా సర్దుకోలేదు, ఏమీ తొందరపడొద్దని బతిమాలాడు. "నాకేం తొందర? రాజధాని ఒక సోట కుదురుకున్యాకనే సస్తాలే" అని మామ కోటు దులుపుకొని లేచాడు.

మునసబుకూ మామకూ మాటలు లేక ముప్పై ఏళ్ళు దాటింది. యుద్ధం రోజుల్లో, వానల్లేని ఏడు, పటాలానికి మనుషులను పంపమని పై నుంచి ఒత్తిడి వచ్చిందట. మునసబు అప్పుడే తండ్రి ఉద్యోగంలో కూర్చున్న కుర్రవాడు. మా మామను పిలిచి, "మద్రాసులో గుర్రాల కొట్టంలో పని, మూడుపూట్లా వరన్నం" అని చెప్పి పంపించాడు. మద్రాసు కాదు, బస్రా. గుర్రాలు కావు, కంచరగాడిదలు. వరన్నం సంగతి మామ ముందర ఎత్తడానికే వీల్లేదు. మనుషులను పంపినందుకు మునసబుకు పైవాళ్ళు ఒక సరిగంచు తలగుడ్డ కట్టబెట్టారు. "నన్ను తలగుడ్డకమ్ముకున్యాడు" అని మామ తిరిగొచ్చిన రోజు నుంచీ అనేవాడు. మునసబు ఇంటిముందు నడవాల్సొస్తుందని గుడికి కూడా ఊరు చుట్టి పోయేవాడు.

జమ్మలమడుగు నుంచి వచ్చాక మామ వారం రోజులు వాకిట్లో పచార్లు చేశాడు. ఒక సాయంత్రం కోటు తొడుక్కొని, సాక్షిగా నన్ను రమ్మన్నాడు. మునసబు అరుగుమీద ఆకువక్క నములుతూ కూర్చున్నాడు. మామ వీధిలోనే నిలబడి అడిగాడు:

"నేను సచ్చినంక సంతకం పెడతావా, పెట్టవా?"

అన్నేళ్ళ తర్వాత ఆయనతో అన్న మొదటి మాట అది. మునసబు ఆకులు నమలడం ఆపలేదు.

"ముందు నువ్వు సావు సామీ. రెండు సేతుల్తో పెడతా."

"మాట తప్పగూడదు."

"నీ సావు రాసేదానికి కొత్త కలం కొంటా పో."

మామ సంతోషంగా ఇంటికొచ్చాడు. కానీ మర్నాటికి అనుమానం పట్టుకుంది. వాడు మద్రాసని బస్రాకు పంపినవాడు, మాటకు నిలబడతాడని నమ్మకమేంటి, గుర్తు చేస్తూ ఉండాలి. అట్లా గుర్తు చెయ్యడానికి రోజూ పొయ్యేవాడు. కొన్నాళ్ళు వీధిలో నిలబడి గుర్తు చేశాడు, తర్వాత అరుగుమీద కూర్చొని గుర్తు చేశాడు, చివరికి వాళ్ళ కాఫీ తాగుతూ గుర్తు చేశాడు. ఇద్దరూ తలగుడ్డ గురించీ గాడిదల గురించీ అరుచుకుంటుంటే వీధి చివరిదాకా వినపడేది. "నేను పంపబట్టే గదరా నీకు ఆ కోటు" అని ఆయన, "నేను పోబట్టే గదరా నీకు ఆ గుడ్డ" అని ఈయన. "మీ ఇద్దరికీ రాజీ అయింది కదా మామా" అన్నానొకసారి. "రాజీ ఏంది? సంతకం కోసరం పోతాండా" అని గద్దించాడు.

ఒకసారి మామకు జ్వరమొచ్చి రెండు రోజులు పోలేదు. మూడోనాడు మునసబే మా వాకిట్లోకొచ్చి, ఊరంతా వినేటట్టు, "ఏమ్మా, సంతకం పని పడిందా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే లోపల మంచంమీంచి, "ఇంగా లేదు, పో!" అని కేక వచ్చింది. మునసబు హాయిగా వెనక్కి పోయాడు.

రాజధాని హైదరాబాదుకు పోయింది. "ఇంగ కుదురుకునింది" అన్నాడు మామ. రెండేళ్ళకు ఒక చలికాలం పొద్దున, గొడ్డుకు మేతేసి వచ్చి ఎదలో నొప్పంటూ కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. నాకు ఏడ్చే తీరిక కూడా దొరకలేదు. ఇంట్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే, వచ్చినవాళ్ళందరికీ వండాలి. పెద్దదినానికి ఊరంతా వచ్చింది. అది తప్పించుకోవడం మా చేతుల్లో లేదు. ప్రొద్దుటూరు షావుకారు దగ్గర మెట్టచేను కుదువపెట్టాం. ఉగాదిలోగా విడిపించుకోకపోతే చేను ఆయనది. సర్కారు సాయం వస్తేనే మాకు దారి.

దరఖాస్తు నేనే రాశాను. మా ఆయన మునసబు దగ్గరికి తీసుకుపోతే, రేపు రమ్మన్నాడు. మర్నాడు ముద్ర కనపడలేదన్నాడు. ఆ తర్వాత మంగళవారమన్నాడు, తర్వాత సిరా ఒలికిందన్నాడు. ఇట్లా రెండు నెలలు దాటిపోయాయి. పాత పగ తీర్చుకుంటున్నాడని ఊళ్ళో చెప్పుకున్నారు. మా ఆయన మెతక మనిషి, "పెద్దాయన, ఏమంటాం" అని గొణిగేవాడు. నాకు ఒళ్ళు మండింది. కొంగు బిగించి, కాగితం చేతపట్టుకొని పోయాను.

"మా మామను తలగుడ్డకమ్ముకున్యావు, ఇప్పుడు మా చేను గూడ పోగొడతావా? సచ్చినోని మింద నీకేంది పగ? కొత్త కలం కొంటానంటివే, యాడబోయింది?" అని వీధిలో నిలబడి అరిచాను. అంత పెద్దమనిషిని నువ్వనేశాను.

మునసబు లోపలికి పోయి ముద్రా, సిరాబుడ్డీ, ఊరి చావుల లెక్క రాసే పుస్తకమూ తెచ్చి అరుగుమీద పెట్టాడు.

"సూడమ్మా, ఈ ఊర్లో సావులన్నీ నేను రాసినవే. మా నాయనది గూడ ఈ సేత్తోనే రాసినా. మీ మామను యుద్ధానికి పంపినంక, తపాలోడు ఊర్లోకొస్తే నేను గొడ్లకొట్టంలో దాంకుంటాంటి. ఆయప్ప సావు కాగితం వస్తే నేనే గదా రాయాల్సింది. రాలేదు. మొండోడు, బతికొచ్చినాడు. నాతో మాట్లాడకపోయినా, ఊరు సుట్టి గుడికి పోతాంటే దూరంనుంచి సూసి, ఉండాడులే అనుకుంటాంటి. ఇప్పుడిది రాస్తే..."

ఆయన కండువా కొసతో ముద్రను తుడుస్తూ కూర్చున్నాడు. పోట్లాటకు పోయినదాన్ని ఆ అరుగుమీదే కూలబడి ఏడ్చాను. మామ పోయాక నేను ఏడ్చింది అదే మొదలు. మునసబు నన్ను ఊరుకోమనలేదు. నేను ఏడుస్తుండగానే కలం ముంచి, నిదానంగా సంతకం పెట్టి, ముద్ర వేసి, సిరా ఆరేదాకా ఊదాడు.

ఆ కాగితంతోనే సాయం వచ్చింది, ఉగాదికి ముందే చేను విడిపించుకున్నాం. కానీ సంతకం పడిన ఆ సాయంత్రం నేను కళ్ళు తుడుచుకొని లేచి రెండడుగులు వేశానో లేదో, వెనకనుంచి పిలిచాడు.

"అమ్మా, రేపు గూడ ఈ యాళకు వచ్చి నన్ను తిట్టిపోతావా?"

మర్నాడు ఇంటిపని ముగించుకొని పోయాను. తిట్లయితే ఒక్కటీ నోటికి రాలేదు.