ముందు కామేశ్వరి, వెనక విశాఖ

పెళ్లాం నోట ఒక్క మాట వినాలని గవర్రాజు పదేళ్లు కాచుకున్నాడు. ప్రేమ మాట కాదు లెండి. "మా ఊరు" అనాలి, అంతే. ఆ మాట కామేశ్వరికి రానిదేం కాదు, పూటపూటా అనేది. కాకపోతే ఆ ఊరు రాజోలు పక్కన ఉండేది. గాజువాకలో కాపురం పెట్టిన నాటి నుంచీ ఆవిడకి ఇది "మీ వైజాగు". కుళాయి నీళ్లు రాకపోతే మీ వైజాగు, కరెంటు పోతే మీ వైజాగు, ఆరేసిన చీర మీద దుమ్ము పడినా మీ వైజాగే.

"ఆయ్, మా ఊళ్లో అయితేనండి, గుమ్మం దిగితే కాలవ. కాలవ దాటితే కొబ్బరితోట," అని మొదలెట్టేది.

ఎదురు చెప్పడానికి గవర్రాజుకి గుమ్మమూ లేదు, కాలవా లేదు. అతను పుట్టిన ఊరు స్టీల్‌ప్లాంటు కిందకి పోయింది. దానికి బదులుగా అదే ప్లాంటులో క్రేను నడిపే ఉద్యోగం వచ్చింది. మీ ఊరెక్కడని ఎవరైనా అడిగితే క్రేను మీద నుంచి కిందకి చూపించాలి. ఈ మాట నవ్వుతూనే చెప్పేవాడు గానీ, చెప్పిన రోజు అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

చివరికి ఒక ఉపాయం తోచింది. ఊరు పోతే పోయింది, చుట్టూ ఉన్న ప్రాంతమంతా తన ఊరే అనుకుంటే సరిపోయె! తొంభై మూడులో ఒక మామూలు కెమెరా, బ్యాటరీలతో నడిచే బుల్లి టేప్‌రికార్డరు కొన్నాడు. వారం సెలవు రాగానే స్కూటరు తుడిచి, "రా కామేశ్వరీ, మా పక్క ఎలాగుంటాదో సూపిత్తాను" అనేవాడు.

భీమిలి తీసుకెళ్లాడు, అరకు తీసుకెళ్లాడు, శ్రీకాకుళం దాకా పోయొచ్చాడు. ఘాటు రోడ్డు మీద స్కూటరు రొప్పేది, వెనక కామేశ్వరి సణిగేది. దారిలో ఎక్కడ డప్పు వినపడినా బ్రేకు పడాల్సిందే. అరకు ఆడవాళ్లు చేతులు కలిపి ఆడే థింసా, గుండెకి తప్పెట కట్టుకుని గంతులేసే తప్పెటగుళ్లు, అన్నీ టేపులోకెక్కించాడు.

ఫొటోల దగ్గరే తేడా కొట్టింది. కామేశ్వరిది ఒకటే షరతు: మనిషి లేని ఫొటోకి రీలు దండగ.

"ఉత్త కొండని తీసి మా అమ్మకి పంపితే, పిల్లేదీ అని అడగదా అండి?"

న్యాయమే మరి. అయినా గవర్రాజు ఉండబట్టలేక "కాస్త పక్కకి జరుగు" అనేవాడు. ఆవిడ జరిగేది, జరిగి సరిగ్గా మధ్యలోకొచ్చేది. చేతిసంచి ముందు పట్టుకుని, రేషన్ కార్డు ఫొటోకి కూర్చున్నట్టు మొహం బిగించేది. బొర్రా గుహల నోరు ఆవిడ గొడుగు వెనక్కి పోయింది. భీమిలి లైట్‌హౌసు ఆవిడ నెత్తి మీద మొలిచింది. అరకు లోయ ఆవిడ భుజాలకి అటో ముక్క ఇటో ముక్క మిగిలింది.

రెండువేల మూడులో వాళ్ల వీధి సంఘం వార్షికోత్సవం వచ్చింది. వీధిలో సగం మంది గోదావరి, కృష్ణా వైపు నుంచి ఉద్యోగాలకొచ్చినవాళ్లే. వాళ్లకి మన ప్రాంతం తెర మీద చూపిస్తానని గవర్రాజు ముందుకొచ్చాడు. పైకి చెప్పింది అది. అసలు చూడాల్సింది ఒక్క మనిషి. ఇన్నేళ్ల తిరుగుళ్లూ ఒక్కసారి చూస్తే ఆవిడ మనసు కరక్కపోతుందా అని అతని ఆశ.

ఎదురింటి కీర్తన ద్వారకా నగర్‌లో కంప్యూటరు పాఠాలు చెప్పేది. ఫొటోల పెట్టె, కేసెట్ల సంచీ తీసుకెళ్లి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు.

"పాటలొక్కటే ఉంచమ్మా. మా ఇంటిదాని సణుగుడు తీసీ."

"అలాగే బాబాయ్," అంది కీర్తన, బుద్ధిమంతురాలిలా.

ఆ సాయంత్రం వీధి మధ్య తెర కట్టారు. మొదటి ఫొటో పడింది. కామేశ్వరి, వెనక సముద్రం లాంటిదేదో. రెండోది కామేశ్వరి, వెనక కొండ లాంటిదేదో. ఇంకో రెండు పడేసరికి జనం నవ్వు ఆపుకోలేకపోయారు.

"బావా, మా సెల్లెమ్మని కాస్త జరగమను, అరకు సూసేత్తాం!" అని అరిచాడు తోటి క్రేను డ్రైవరు పైడయ్య.

కామేశ్వరి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పైగా కీర్తన సణుగుడు ఒక్కటీ తీయలేదు. థింసా డప్పు మధ్యలో "ఏమండీ, నా చెప్పు తెగింది". తప్పెటగుళ్ల గజ్జెల మీద "మా ఊళ్లో ఇంత ఎండ ఉండదండి". వీధి వీధంతా పడీపడీ నవ్వింది. గవర్రాజుకి తల కొట్టేసినట్టయింది. ఇక ఈ జన్మకి ఆవిడ ఆ మాట అనదని నిశ్చయించుకున్నాడు.

ఆఖరిది భీమిలి కేసెట్, ఒడ్డు మీద పెద్దవల లాగేవాళ్ల పాట. ఆ రోజు గవర్రాజు టేప్‌రికార్డరు కామేశ్వరి సంచిలో పెట్టి, తనూ వెళ్లి జాలర్లతో కలిసి తాడు లాగాడు. పాటయ్యాక తడిసిన ప్యాంటు పిండుకోవడానికి పోయాడు, టేపు ఆపడం మరిచాడు. ఇంటికొచ్చాక పాట వరకే విన్నాడు. కీర్తన మాత్రం చివరిదాకా విన్నది.

పాట ఆగింది. కాసేపు అలల చప్పుడు. తర్వాత కామేశ్వరి గొంతు, చేపల బేరంలో.

"పై ఊరి వాళ్లకి చెప్పే ధర నాకు చెప్తావేంటమ్మా?"

"నువ్వూ పై ఊరి మనిసివే కదేటి. మాట సూత్తే గోదారి మాట," అంది చేపలమ్మే నూకాలు.

"అది పుట్టినూరు. మా ఊరు ఇదే. ఇక్కడ కోనాం చేప ఎప్పుడు పడుతుందో ఎప్పుడు పడదో నాకు తెలీదనుకున్నావా?"

"అలాగైతే తీసుకో తల్లీ. మనూరి మనిసికి ఇంకేటి సెప్తాను."

చప్పట్లు మోగిపోయాయి. గవర్రాజు కొట్టలేదు. అతనికి ఏడుపొచ్చేసింది, కళ్లజోడు తుడుచుకునే మిషతో తలొంచుకున్నాడు.

"బేరం కోసం అన్నానండి," అంది కామేశ్వరి, ఇంటికి నడుస్తూ. "బేరంలో సవాలక్ష అంటాం."

"అవునవును," అన్నాడు. కాదంటే ఆ మాట ఎక్కడ వెనక్కి తీసుకుంటుందోనని భయం.

తర్వాతి సెలవుకి ఆవిడే ముందు తయారై, పులిహోర డబ్బాతో స్కూటరు దగ్గర నిలబడింది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆపమంది. గవర్రాజు అలవాటుగా కెమెరా కోసం చెయ్యి చాపాడు. ఆవిడ ఇవ్వలేదు.

"వెళ్లి అక్కడ నిలబడండి."

"నానెందుకు?"

"పెట్టెడు ఫొటోలున్నాయి. మా ఊళ్లో మీరున్నది ఒక్కటీ లేదండి."

గవర్రాజు వెళ్లి నిలబడ్డాడు. సరిగ్గా మధ్యలో, వెనక దిబ్బలేవీ కనపడకుండా.