నా రంజను మీద విచారణ

ఆ రోజుల్లో సర్కారీ నౌకరి దొరికిన కుర్రవాడికి జీతంతో పాటు కోపం కూడా మంజూరయ్యేదేమోనని నాకు అనుమానం. లేకపోతే, ఇంట్లో అమ్మ ముందు నోరెత్తని నేను, జహీరాబాదులో ఒక కచేరిలో గుమాస్తాగా చేరిన నెలకే అందరి మీదా నిప్పులు చెరగడం ఏమిటి? (ఏ కచేరి అని అడగకండి. అప్పటివాళ్ళ పిల్లలు ఇంకా ఈ ఊళ్ళోనే ఉన్నారు, బజారులో ఎదురుపడతారు.) పందొమ్మిదివందల అరవైల మొదట్లో, నాకు ఇరవై రెండేళ్ళు. బయటినుంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ ఆవక్ రిజిస్టరులో ఎక్కించి దాని నెత్తిన ఒక నంబరు వేయడం నా పని. నేను నంబరు వేస్తేనే ఆ కాగితం పుట్టినట్టు లెక్క. ఆ సంగతి నాకు బాగా తలకెక్కింది.

అంతటి ఉద్యోగికి అన్యాయం జరిగింది. వినండి, మీకూ ఒళ్ళు మండుతుంది. ఎండలు ముదరగానే అంగట్లో ఒక పెద్ద రంజను కొన్నాను. (నీళ్ళు చల్లబడే మట్టికుండను మా వైపు అలాగే అంటారు.) దాని మీద ఎర్ర రంగుతో నా పేరు రాయించి, నా బల్ల వెనక ఇసుక పోసి కూర్చోబెట్టాను. నేను వచ్చేసరికి నిండుగా ఉండే రంజను పన్నెండు గంటలకల్లా అడుగంటేది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, వారం రోజులు. నా పేరున్న కుండలో నాకే గుక్కెడు నీళ్ళు లేకపోతే ఇంక ఈ దేశానికి స్వరాజ్యం వచ్చి ఏం లాభమని కూడా అనుకున్నాను. దొంగను పట్టాలని చాయ్ తాగడానికి వెళ్తున్నట్టు నటించి, పాత మిసళ్ళు, అంటే ఫైళ్ళు, పెట్టే బీరువా వెనక నక్కాను. నిజాం కాలంనాటి దుమ్ము ముక్కులోకి పోయి నాలుగుసార్లు తుమ్మాను గానీ, దొంగ అటు తిరిగి కూడా చూడలేదు.

దొంగ మరెవరో కాదు, మా చప్రాసీ. మా నాన్న వయసువాడు. ఎవరు తొందరపడినా "జర సబర్ చెయ్యి" అంటాడు కాబట్టి అందరికీ సబర్ మామ. నా రంజనులో చెంబు ముంచి, వరండాలో కాగితాలు పట్టుకుని కూర్చున్న న్యాల్‌కల్, రాయికోడ్ ఊళ్ళ జనానికి దోసిళ్ళలో పోస్తున్నాడు. (నా కోపంలో సగం, ఏ కులం వాళ్ళకో పోసిన చెంబే మళ్ళీ నా కుండలో మునుగుతోందని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అప్పుడు లేదు.) అంత పెద్దమనిషిని పట్టుకుని నువ్వూ గివ్వూ అంటూ నలుగురిలో దులిపేశాను. ఆయన ఆఖరి మనిషి దోసిలి నిండేదాకా ఆగి, అప్పుడు నా వైపు తిరిగాడు.

"పొద్దుగాల ఊరికెల్లి నడుసుకుంట వచ్చిన్రు సారూ. కాయితం ఎప్పుడు తీస్కుంటరో ఏమో, జర గొంతు తడుపుకోనీయున్రి" అన్నాడు.

కాగితం తీసుకోవలసినవాణ్ణి నేనే. ఆయన దెప్పుదామని అనలేదు గానీ, నాకు మాత్రం చురుక్కుమంది. తప్పు మనదైనప్పుడు వచ్చే కోపం ఉందే, దానికి మందు లేదు. మూడు పేజీల ఫిర్యాదు రాశాను. 'సొంత వస్తువును దొంగిలించి పరులకు పంచుట' అని కింద గీత కూడా గీశాను. నా చేత్తోనే నంబరు వేసి, నా చేత్తోనే తీసుకెళ్ళి మా కచేరి పెద్ద అధికారి, సాహెబు బల్ల మీద పెట్టాను.

సాయంత్రం మా పేష్కారు, అంటే కచేరిలో సాహెబు తర్వాతి అధికారి, నన్ను పక్కకు పిలిచాడు.

"మామది పదేండ్ల కెల్లి కచ్చా నౌకరి. పక్కా చెయ్యమని కాయితాలు మొన్ననే పైకి పోయినయి. ఇగ దొంగతనమని నీ కాయితం ఎన్కపొంటే పోతది. ఉన్న నౌకరి గూడ పోతది" అన్నాడు.

నీళ్ళు దక్కితే చాలనుకున్నాను గానీ, ఒక మనిషి పొట్ట కొట్టాలని అనుకోలేదు. చింపేద్దామని బతిమాలాను. నంబరు పడిన కాగితాన్ని చింపడానికి లేదన్నాడు పేష్కారు. నంబరు వేసింది ఎవరని కూడా అడిగాడు.

మర్నాడు విచారణ. సాహెబు నవ్వే మనిషి కాదు. నీళ్ళు తాగినవాళ్ళను సాక్షులుగా పిలిపించాడు. అందరూ అడ్డంగా తలలూపారు, అసలు నీళ్ళ ముఖమే చూడలేదన్నారు. రాయికోడ్ ముసలమ్మ ఒకతె మరీ ముందుకు వెళ్ళి, ఆ నడివేసవిలో అంత దూరం నడిచి వచ్చి, తనకు దూపే కాలేదని బిడ్డల మీద ఒట్టేసింది. ఆమె పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. నేను నేల చూపులు చూస్తున్నాను. ఇంతలో సబర్ మామ ముందుకొచ్చి, వాళ్ళతో అబద్ధాలు చెప్పించడం ఎందుకని, తానే పోశానని ఒప్పేసుకున్నాడు. నౌకరి పోయినట్టే అనుకున్నాను.

సాహెబు ఆయన్ను వదిలేసి నా వైపు చూశాడు. "కుండ నీదే. అండ్ల నీళ్ళు ఎవరు పోస్తరు?"

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నాకెన్నడూ తట్టలేదు. ఇంట్లో కుండ ఉంటే అందులో నీళ్ళుండేవి, అమ్మ పోసేది. కచేరిలో కూడా కుండ ఉంటే నీళ్ళు వాటంతటవే ఉంటాయనుకున్నాను. (నవ్వకండి, మీలోనూ కొందరు ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు.) నేను నీళ్ళు నములుతుంటే సబర్ మామ అందుకున్నాడు.

"సారే పోస్తరు సార్. పొద్దుగాల్నే వచ్చి నింపుకుంటరు."

పదకొండుకు ముందు నా ముఖం ఆ కచేరిలో ఎవరూ చూసి ఎరగరు. పేష్కారు దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆ రుమాలు చాటునుంచే ఆయన నా చెవిలో చెప్పాడు, మన ఆవరణలో బావి ఉప్పునీళ్ళని, రైలుపట్టాల అవతల ఉన్న తియ్యనీళ్ళ బావి నుంచి సబర్ మామ రోజూ తెల్లవారగానే కావడితో మోసుకొచ్చి ముందు నా రంజనే నింపుతాడని. తన నౌకరి కోసం అబద్ధమాడని మనిషి, నా పరువు కోసం సాహెబు ముందు నిలబడి అబద్ధమాడాడు. నాకు ఏడుపొచ్చింది. దాన్ని ఆపుకోవడానికి, అలవాటు కొద్దీ, ఇంకాస్త కోపం తెచ్చుకున్నాను.

సాహెబు నా ఫిర్యాదు నా వైపే తోసి, కింద ముగింపు నన్నే రాయమన్నాడు. 'ఫిర్యాదుదారు తనవని చెప్పిన నీళ్ళు తనవి కావు' అని రాసి సంతకం చేశాను. వానలు పడ్డాక సబర్ మామ నౌకరి పక్కా అయింది. నేను క్షమించమని అడిగితే ఏ విషయంలోనని అడిగాడు. అది మరచిపోవడమో మర్యాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇన్నేళ్ళయినా నా ఒళ్ళు మండుతూనే ఉంది, కాకపోతే ఇప్పుడు ఆ ఇరవై రెండేళ్ళవాడి మీద. ఏ ఎండాకాలం పూటో వాడు ఎదురైతే చెంప ఛెళ్ళుమనిపించాలని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ చెయ్యెత్తేలోపే సబర్ మామ అడ్డం వచ్చేస్తాడని నాకు తెలుసు. "పోరడు సార్, ఎండల పడి వచ్చిండు. ముందుగాల నీళ్ళు తాగనీయున్రి" అంటాడు.